దూరంగా ఉన్నవాళ్ళు ముందు

మా ఇంట్లో పళ్ళేలు రెండు రకాలు. తినేవి వంటింట్లో ఉంటాయి, విసిరేవి గరాజులో ఉంటాయి. రెండో రకం గురించి ఇన్నాళ్ళూ ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయలేదు. రాస్తే వాటితోపాటు పోయినేడాది ఫిబ్రవరి, మార్చి నెలల గురించీ రాయాలి. అందుకు ఇప్పటికి ధైర్యం వచ్చింది.

ముందు ఆట సంగతి చెప్తాను. దీన్ని డిస్క్ గోల్ఫ్ అంటారు. గోల్ఫ్‌లో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు కదా, ఇందులో ప్లాస్టిక్ పళ్ళేన్ని చేత్తో విసిరి బుట్టలో వేయాలి. బుట్ట అంటే మన మేదరి బుట్ట అనుకునేరు! మనిషెత్తు ఇనప స్తంభం ఉంటుంది. పైన గుండ్రటి చట్రం, దాని నుంచి చుట్టూ వేలాడే గొలుసులు, నడుమెత్తులో ఇనప ఊచల తొట్టి. మనం విసిరిన పళ్ళెం గొలుసులకి తగిలి, వేగం చచ్చి, తొట్టిలో పడాలి. అప్పుడు ఘల్లుమని ఒక చప్పుడొస్తుంది చూడండి, తెనాలి పక్కన మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉయ్యాలబల్ల గొలుసులు కదిలినట్టే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

ఒక్కో బుట్టకీ దూరం రెండొందల అడుగులుండచ్చు, నాలుగొందలుండచ్చు. మధ్యలో చెట్లూ, పొదలూ, వాగులూ. ఎన్ని విసుర్లలో బుట్టలో వేస్తే అన్ని లెక్క. పద్దెనిమిది బుట్టలు పూర్తయ్యేసరికి రెండు గంటలు పడుతుంది, రెండు మూడు మైళ్ళ నడక కూడా అయిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, చాలా పార్కుల్లో డబ్బు కట్టక్కర్లేదు. మేముండేది నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో. ఇక్కడ ఈ ఆట పిచ్చి కాస్త ఎక్కువే. మాకు దగ్గర్లోని రీడీ క్రీక్ పార్కులో అడవి లాంటి చెట్ల మధ్య ఈ బుట్టలున్నాయి. మావాళ్ళు ఆడేది అక్కడే.

ఇన్నేళ్ళుగా అమెరికాలో ఉండీ నేనెప్పుడూ ఆ బుట్టల వైపు సరిగ్గా చూడలేదు. పార్కుకి వనభోజనాలకి వెళ్ళినప్పుడు చూసి, అదేదో చెత్త వేసే ఏర్పాటు కాబోలు అనుకున్నా. నవ్వకండి, మా స్నేహితురాలు నిజంగానే అందులో అరటితొక్క వేసింది.

ఇక పోయినేడాది సంగతి.

ఫిబ్రవరి నాలుగో తారీకున మావారి ఉద్యోగం పోయింది. పొద్దున పది గంటలకి పావుగంట వీడియో కాల్, అంతే. పన్నెండింటికల్లా ఆఫీసు లాప్‌టాప్‌ తెరుచుకోవడం మానేసింది. ఆయనది హెచ్‌-వన్‌బీ వీసా. ఉద్యోగం పోయినవాళ్ళకి ఉండే గడువు 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ మన తరఫున కాగితాలు పెట్టాలి, లేదా వేరే దారేదైనా చూసుకోవాలి, లేదా మూటాముల్లే సర్దుకోవాలి. మా లెక్కకి గడువు ఏప్రిల్ 5. గ్రీన్‌కార్డు వరసలో ఎన్నేళ్ళ నుంచి నిలబడ్డామో ఆ గడువుకి పట్టదు.

మా అబ్బాయి పదకొండో తరగతి. వాడిక్కడే పుట్టాడు కాబట్టి వాడికి ఈ వీసా లెక్కలేవీ లేవు. వెళ్ళాల్సి వస్తే వెళ్ళాల్సింది మేమిద్దరం. వాడికి ఉండే హక్కుంది, మాకు లేదు. ఆ ముక్క తలుచుకుంటేనే నాకు గుండెల్లో రాయి పడేది. అందుకని వాడికి చెప్పొద్దనుకున్నాం. పరీక్షలున్నాయి, చదువు పాడవుతుంది, ఉద్యోగం దొరికాక చెబుదాం అని ఇద్దరం ఒక మాట అనుకున్నాం. గుంటూరులో మా అత్తగారికీ చెప్పలేదు. ఆవిడకి బీపీ.

మావారు ఎప్పటిలాగే పొద్దున్నే స్నానం చేసి, చొక్కా మార్చుకుని, పై గదిలో తలుపేసుకుని కూర్చునేవారు. వాడు బడికి వెళ్ళేదాకా ఆ వేషం. ఇంట్లో మేం మాట్లాడుకోవడానికి ఒక మారుపేరు కూడా పెట్టుకున్నాం. గడువుని 'ముహూర్తం' అనేవాళ్ళం. "ముహూర్తానికి ఇంకా ఎన్నాళ్ళుంది?" అని నేనడిగితే, "నలభై ఒకటి" అని ఆయన. ఇంటర్వ్యూ అయితే 'పెళ్ళిచూపులు'. "ఇవాళ పెళ్ళిచూపులేమయ్యాయి?" "మళ్ళీ కబురు చేస్తామన్నారు." పక్కనే వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దోసె తింటూ ఉండేవాడు.

రోజులు గడిచేకొద్దీ మా మాటలు ఆ రెండు ముక్కలకే తగ్గిపోయాయి. ఆయన పై గదిలో, నేను వంటింట్లో. ఆయనకి ధైర్యం చెప్పాలని ఉండేది, కానీ నోరు తెరిస్తే నా భయమే బయటికొస్తుందని ఊరుకునేదాన్ని. ఆయనా నన్ను చూసి అదే చేస్తున్నారని తరవాత తెలిసింది. వంట మాత్రం విపరీతంగా చేశాను. ఆ నెలలో మా ఇంట్లో చేసినన్ని పచ్చళ్ళు పెళ్ళిళ్ళలో కూడా చేయరు.

ఫిబ్రవరి మధ్యలో అనుకుంటా, ఒకరోజు వాడు బడి నుంచి రాగానే పై గది తలుపు కొట్టాడు. "నాన్నా, పార్కుకి వస్తావా? ఆడుకుందాం" అన్నాడు. ఏడాదిగా స్నేహితులతో ఈ ఆట ఆడుతున్నాడు. ఒక్కనాడూ మమ్మల్ని పిలిచింది లేదు. పదహారేళ్ళ కొడుకు తండ్రిని ఆటకి పిలవడమంటే, మీకు తెలుసుగా! మావారు ఏ కళనున్నారో సరేనన్నారు. మర్నాడు మళ్ళీ పిలిచాడు. వారం తిరిగేసరికి అదొక అలవాటైంది. బడి రెండుంబావుకి వదులుతారు, మూడింటికల్లా ఇద్దరూ కారెక్కేవారు.

వచ్చాక ఆయన అన్నం కాస్త తినేవారు. అది గమనించింది నేనే.

మార్చి మొదట్లో నన్నూ లాక్కెళ్ళారు. నేను పంజాబీ డ్రస్సు మీద స్వెట్టరేసుకుని, ఆవకాయ పెరుగన్నం డబ్బాలో పెట్టుకుని బయల్దేరా. అక్కడి నేల ఎర్రమట్టి. మన పల్నాటి వైపు చేలల్లో ఉన్నట్టే చెప్పులకి అంటుకుంటుంది. నిటారుగా పైన్ చెట్లు, కింద మెత్తగా పరుచుకున్న ఎండుసూదులు. జనం పెద్దగా లేరు. మగపిల్లలు కొందరు, భుజాన సంచులేసుకున్న ముసలాయనలు ఇద్దరు, కుక్కని వెంటేసుకుని ఒక్కావిడే ఆడుకుంటోంది. అరవై దాటి ఉంటుంది. నన్ను చూసి "మొదటిసారా?" అని నవ్వింది. ఆవిణ్ణి చూశాక నాకు కాస్త బెరుకు తగ్గింది.

మావాడు నాకు పాఠం చెప్పాడు. ఈ పళ్ళేలు మూడు రకాలట. దూరం వెళ్ళడానికి డ్రైవరు, నడిమి దూరానికి మిడ్‌రేంజి, బుట్ట దగ్గర వేయడానికి పట్టరు. డ్రైవరు అంచు పదునుగా, దోసెల అట్లకాడలా ఉంటుంది. పట్టరు అంచు మొద్దుగా, మూతలా ఉంటుంది. కొత్తవాళ్ళు డ్రైవరు జోలికి వెళ్ళకుండా పట్టరూ మిడ్‌రేంజీతో మొదలుపెడితే చాలట. బరువు కూడా చూసుకోవాలి. 175 గ్రాములవి బాగా చెయ్యి తిరిగినవాళ్ళకి. మనలాంటివాళ్ళకి 150 గ్రాముల దగ్గరివి హాయి. ఒక్కోటి పది నుంచి ఇరవై డాలర్లుంటుంది. పాతవైతే ఇంకా తక్కువకొస్తాయి. ఇంకేమీ కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. పొదల్లోకి వెళ్తే ఇంటికొచ్చాక ఒంటి మీద పిడుదులున్నాయేమో చూసుకోండి, మూడేసి ఆకుల గుత్తులున్న తీగని ముట్టుకోకండి. దద్దుర్లొస్తే వారం దాకా వదలవు.

నా మొదటి విసురు ఇరవై అడుగులు కూడా వెళ్ళలేదు. నేల మీద దొర్లి, చక్రంలా తిరిగి నా దగ్గరికే వచ్చింది. "విష్ణుచక్రం కూడా ఇలాగే వెనక్కొస్తుందిట" అన్నారు మావారు. నెలరోజుల తరవాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి వేళాకోళం అది. నాకు కోపం రావాలి, కానీ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

అయితే బుట్ట దగ్గరికొచ్చేసరికి కథ మారింది. పదిహేను అడుగుల దూరం నుంచి నేను వేసింది వేసినట్టు గొలుసుల్లో పడింది. మావాడు నోరెళ్ళబెట్టాడు. వాడికేం తెలుసు, మా వీధిలో తొక్కుడుబిళ్ళలో నన్ను కొట్టినవాళ్ళు లేరు! పెంకు బిళ్ళని గీత మీద పడకుండా ఏ గడిలో కావాలంటే ఆ గడిలో వేసేదాన్ని. చేతికి ముప్ఫై ఏళ్ళనాటి లెక్క ఇంకా గుర్తుంది.

ఈ ఆట పుట్టుక గురించి కూడా మావాడే చెప్పాడు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన ఫ్రిస్బీలు తయారుచేసే వామో కంపెనీలో పనిచేసేవాడు. 1975లో కాలిఫోర్నియాలో పాసడీనా దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో దీనికి మొదటి శాశ్వత మైదానం పెట్టించాడు. మొదట్లో ఉత్త స్తంభాలే గురి. తగిలిందా లేదా అని వాదులాటలు రాకుండా గొలుసుల బుట్ట కనిపెట్టి, 1977లో పేటెంటు తీసుకున్నాడు. 2002లో పోయాడు. తన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి ఈ పళ్ళేలు చేయమని చెప్పి పోయాడట, అలాగే చేశారట. మన అస్థికలు గోదాట్లోనో కృష్ణలోనో కలపమంటాం. ఆయనకి గాల్లో ఎగరాలనిపించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. నేను వెళ్ళడం మొదలుపెట్టిన రెండో ఆదివారమో ఏమో, ఏడో బుట్ట దగ్గర ముగ్గురం ఒకసారి వేశాం. వాడిది బుట్ట దగ్గరికెళ్ళింది, ఆయనది చెట్టుకి కొట్టుకుని సగంలో పడింది, నాది మామూలే. నేను పక్కకి తప్పుకుని నిలబడ్డా. ఇంట్లో అందరూ తిన్నాక తినే అలవాటు కదా, ఇక్కడా వాళ్ళిద్దరూ వేశాక వేద్దామని.

"అమ్మా, ఏంటి చూస్తున్నావ్? నువ్వే వెయ్యాలి" అన్నాడు వాడు.

"మీరు వెయ్యండ్రా, నాకేం తొందర."

"తొందర కాదమ్మా, రూల్. బుట్టకి ఎవరు దూరంగా ఉంటే వాళ్ళు ముందు వెయ్యాలి. మిగతావాళ్ళు వెనకాల ఆగాలి."

ఇదేం ఆటరా అనుకున్నా. ఏ ఆటలోనైనా ముందున్నవాడు ముందుకెళ్ళిపోతుంటే వెనకబడ్డవాడు వెనకే ఉండిపోతాడు. ఇందులో బాగా ఆడేవాడు ఆగి, మాట్లాడకుండా నిలబడి, ఆడలేనివాళ్ళు దగ్గరకొచ్చేదాకా చూస్తాడు. మనం వేసేటప్పుడు ఎదురుగా నిలబడి కంగారు పెట్టకూడదట, వెనకే ఉండాలట. నేను వేశా. మళ్ళీ నాదే దూరం. మళ్ళీ వేశా. మూడోసారికి గానీ మావారి వంతు రాలేదు. ఇద్దరూ కిక్కురుమనలేదు.

బుట్ట దగ్గరికి ముగ్గురం చేరాక వాడు తన పళ్ళెం తీసుకుంటూ, మా ఇద్దరి వంకా చూడకుండా, "నాన్నా, ముహూర్తం ఏప్రిల్ ఫిఫ్త్ కదా?" అన్నాడు.

నాకు కాళ్ళ కింద నేల కదిలిపోయింది. మావారు "ఏ ముహూర్తంరా?" అన్నారు గానీ గొంతు పెగల్లేదు.

"నాకు తెలుసు. ఫస్ట్ వీక్ నుంచే తెలుసు. పెళ్ళిచూపులంటే ఇంటర్వ్యూ. మన ఇంట్లో పెళ్ళికెవరున్నారు?" అన్నాడు. తరవాత కాసేపాగి, "మీరు వెళ్ళాల్సొస్తే నేనూ వస్తా. ఇక్కడ అంకుల్ వాళ్ళింట్లో ఉండమంటే మాత్రం ఉండను. ముందే చెప్తున్నా" అన్నాడు.

బి.ఏ. తెలుగు చదివిన తల్లిని, వాడికి ఒకటో ఏట నుంచీ తెలుగు కథలు చెప్పి పెంచినదాన్ని, నా కొడుక్కి నా తెలుగు అర్థం కాదనుకున్నా! వాణ్ణి ఎవరి దగ్గర వదలాలా అని మేమిద్దరం రాత్రుళ్ళు గుసగుసలాడుకున్నదంతా గోడవతల వాడు విన్నాడు. నెలరోజులు ఆ భయాన్ని ఒక్కడే మోశాడు. మేం వాడికి చెప్పకుండా దాచాం, వాడు వాడికి తెలుసని మాకు చెప్పకుండా దాచాడు. దాచుకుంటూనే రోజూ వాళ్ళ నాన్నని ఆ గదిలోంచి బయటికి తీసుకొచ్చాడు.

మావారు అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయారు. వాడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. నేను డబ్బా తెరిచి పెరుగన్నం ముద్దలు కలిపి ఇద్దరి చేతుల్లో పెట్టా. వెనకొచ్చే ఆటగాళ్ళని మా కంటే ముందు వెళ్ళమని చెయ్యూపాం. ఆ రోజు మిగతా పదకొండు బుట్టలూ ఆడనేలేదు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. ఇంట్లో ఈ విషయానికి అందరికన్నా దూరంగా ఉంచింది వాణ్ణి. చివరికి ముందు మాట్లాడింది వాడే.

ఆ తరవాత భయం పోయిందని చెప్పను. భయపడేవాళ్ళం ముగ్గురమయ్యాం, అంతే తేడా. కానీ 'ముహూర్తం' మాట మానేశాం. ఫ్రిజ్ మీద కాలెండరు పెట్టి తారీకులు కొట్టేసేవాళ్ళం. ఆ రాత్రే గుంటూరుకి ఫోన్ చేసి మా అత్తగారికి చెప్పేశాం. ఆవిడ బీపీకి ఏమీ కాలేదు సరికదా, "ఉద్యోగం పోతే పోయింది, మనుషులు బానే ఉన్నారుగా. ఇల్లుంది, రండి" అన్నారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఈ పళ్ళేల వెనక పేరూ ఫోన్ నంబరూ రాసుకోవడం ఇక్కడి పద్ధతి. పోగొట్టుకుంటే దొరికినవాళ్ళు ఫోన్ చేస్తారు. నా పసుప్పచ్చ పట్టరు మీద మావాడు మావారి నంబరు రాశాడు. మార్చి మధ్యలో అది ఏ పొదలోకెళ్ళిందో ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడే పైన్ పుప్పొడి మొదలైంది. కార్ల మీదా, మెట్ల మీదా, ఆకుల మీదా అంతా పసుపు చల్లినట్టుంటే పసుప్పచ్చ పళ్ళెం ఎక్కడ కనబడుతుంది!

41వ రోజు. రాత్రి భోజనాల దగ్గరున్నాం. మావారి ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆ రోజుల్లో మా ఇంట్లో తెలియని నంబరు మోగిందంటే పొయ్యి మీద పోపు మాడినా పట్టించుకునేవాళ్ళం కాదు. ఆయన ఎంగిలి చెయ్యి తుడుచుకుని, గొంతు సవరించుకుని, పక్క గదిలోకి వెళ్ళారు. నేనూ మావాడూ ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాం. లోపల్నుంచి "యస్... యస్, దట్స్ మీ... థాంక్యూ సో మచ్" అని వినబడుతోంది. మా వాడు బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొహంలో ఏమీ తెలియడం లేదు.

"ఏమన్నారండీ?"

"నీ పళ్ళెం దొరికిందట" అన్నారు.

ఒక్క క్షణం ఎవరం మాట్లాడలేదు. తరవాత మావాడు మొదలుపెట్టాడు నవ్వడం. ఆ నవ్వు చూసి ఆయన, ఆయన్ని చూసి నేను. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. మర్నాడు పార్కుకి వెళ్తే, మొదటి బుట్ట దగ్గర అప్పుడు చూసిన ఆ కుక్కావిడే నా పళ్ళేన్ని శుభ్రంగా తుడిచి ఇచ్చింది.

48వ రోజున నిజం ఫోనే వచ్చింది. రాలీలో ఒక చిన్న కంపెనీ. జీతం మునుపటికన్నా తక్కువ. మధ్యలో ఉగాది వచ్చింది. వేపపువ్వు దొరక్క మెంతిపొడితో కానిచ్చా. 58వ రోజున కాగితాలు వెళ్ళాయి. ఇంకా రెండు రోజులుంది గడువు.

మావాడి చదువు మధ్యలో కదపలేక మేమిద్దరం షార్లెట్‌లోనే ఉండిపోయాం. మావారు సోమవారం తెల్లారుజామున రాలీ వెళ్తారు, రెండున్నర గంటల ప్రయాణం, శుక్రవారం రాత్రికి వస్తారు. వారం మధ్యలో నేనూ మావాడూ ఆడతాం. వాడూ ఈ ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతాడు. అప్పుడు పార్కుకి నేనొక్కదాన్నే వెళ్ళాలి. ఆ కుక్కావిడ ఉంటుందిలెండి.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వస్తుంది. నేను ఎప్పుడైనా ముందే చేద్దామని తీస్తే మావాడు ఆపుతాడు. "ఆగమ్మా, దూరంగా ఉన్నది నాన్న. ఫస్ట్ నాన్నే" అంటాడు.

ఆగుతాను. ఈలోగా అన్నం పొయ్యి మీంచి దించుకుంటాను.